నిమ్మాకు మీద గజ్జి.. స్విచ్ నొక్కిందెవరు?

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్నే దాచేపల్లి నుంచి మామయ్య వాట్సాప్‌లో ఫొటో పంపాడు. రోజూ పంపే గుడ్ మార్నింగ్ పువ్వులనుకుని తెరిచా. నిమ్మకాయ. పచ్చటి తొక్క మీద గరుకుగా లేచిన గోధుమరంగు పొక్కులు, ఒక్కో పొక్కు చుట్టూ పసుపు వలయం. కింద వాయిస్ మెసేజ్: "అమ్మాయ్, ఈ గజ్జి సంగతేందో చూడు. మందు కొట్టీ కొట్టీ నా వల్ల కావట్లా. వచ్చే వారం జేసీబీ పెట్టి పీకించేద్దామనుకుంటున్నా."

నేను చదివింది మైక్రోబయాలజీ. మా ఇంట్లో దాని అర్థం ఒకటే. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి మొక్కకు తెగులొచ్చినా నాకే ఫోన్. మామూలుగా అయితే నెట్‌లో చూసి ఏదో ఒకటి చెప్పేస్తా. ఈసారి అలా చెప్పడానికి మనసొప్పలేదు. ఎందుకంటే ఆ తోటకు మొక్కల్ని ఏడేళ్ల కిందట ఎంచింది నేనే. డిగ్రీ సెలవుల్లో మామయ్యతో ఒక నర్సరీకి వెళ్లి, "ఇవి ఏపుగా ఉన్నాయి మామయ్యా" అని వేలు పెట్టి చూపించింది నేనే. వాటిలో కొన్నింటి కింది ఆకుల మీద చిన్న చిన్న మచ్చలున్నాయి. చూశాను కూడా. దుమ్మేమో అనుకున్నా.

శుక్రవారం రాత్రి బట్టలు సర్దుకున్నా. శనివారం సికింద్రాబాద్‌లో రైలెక్కితే నల్గొండ, మిర్యాలగూడ దాటాక కృష్ణమ్మ మీద వంతెన వస్తుంది. అది దాటితే మా పల్నాడు. నడికుడిలో దిగితే దాచేపల్లి పక్కనే. మా ఊరి పేరు చెబితే చాలామందికి సున్నపురాయి, సిమెంటు లారీలు గుర్తొస్తాయి. పొలాల్లో మిరప, పత్తి ఎక్కువ. నిమ్మతోటలు అక్కడొకటి ఇక్కడొకటి. ఇంగ్లిష్‌లో సున్నానికీ నిమ్మకీ ఒకటే మాట, లైమ్. మా ఊళ్లో రెండూ దొరుకుతాయి గానీ సున్నానికి గజ్జి రాదు, అదీ తేడా.

మామయ్యది ఎకరం తోట. నూట పది చెట్లు. ఆ కాయలమ్మిన డబ్బుతోనే మా మరదలు విజయవాడలో చదువుతోంది. ఈ తెగులు వల్ల కాయ లోపలి రసానికేం కాదు, తింటే మనుషులకూ ఏం కాదు. కానీ తెనాలి మార్కెట్లో మచ్చ కాయను ఎవరూ మచ్చ లేని కాయ రేటుకు కొనరు. బస్తా విప్పగానే, "ఇది రెండో రకం" అంటారు. అంతే.

తోటలో ఒక ఆకు తెంపి వేలితో రుద్దా. గరుక్కాగితంలా తగిలింది. రెండు వైపులా లేచింది. వెలుతురుకు పెట్టి చూస్తే పొక్కు అంచున నీరు పట్టినట్టు ఒక గీత, దాని చుట్టూ పసుపు. అనుమానమే లేదు, గజ్జి తెగులు. దీనికి కారణం జాంతోమోనాస్ సిట్రి అనే బ్యాక్టీరియా. జాంతోస్ అంటే గ్రీకులో పసుపు. ల్యాబ్‌లో పెంచితే పసుపుపచ్చగా, జిగురుగా, తేనె బొట్టులా ఎదుగుతుంది. ఆ జిగురు మీకు తెలిసిందే. దీని అన్నదమ్ముడు, క్యాబేజీని కుళ్లబెట్టే జాంతోమోనాస్ నుంచి తీసే జాంతన్ గమ్ సాస్‌లలో, ఐస్‌క్రీముల్లో చిక్కదనం కోసం వేస్తారు. ప్యాకెట్ వెనక 415 అనే నంబర్ కనిపిస్తే అదే. భయపడకండి, అది తినదగ్గదే. చెట్టు మీద మాత్రం ఆ జిగురు బ్యాక్టీరియాకు దుప్పటి. ఎండకు ఎండిపోకుండా, ఆకును వదిలిపోకుండా పట్టుకుని ఉండటానికి పనికొస్తుంది.

కొత్త రోగమేం కాదు

ఈ తెగులు మన దేశంలో ఎప్పటి నుంచి ఉందో తెలుసా? లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో ఎండబెట్టి దాచిన పాత ఆకుల్ని 1930ల్లో ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు వెతికారు. 1827-31 మధ్య మన దేశంలో సేకరించిన మాదీఫలం ఆకుల మీద ఈ పొక్కులే కనిపించాయి. బ్రిటిష్‌వాళ్లు కాగితానికి అంటించి తీసుకెళ్లిన ఆకుతో పాటు రోగం సాక్ష్యం కూడా వెళ్లిందన్నమాట.

అమెరికాకు ఇది 1910 ప్రాంతంలో జపాన్ నుంచి తెప్పించుకున్న మొక్కలతో చేరింది. మొదట శిలీంధ్రం అనుకున్నారు. కాదు, బ్యాక్టీరియా అని 1915లో తేల్చింది క్లారా హాస్ అనే మహిళ. రెండు దశాబ్దాలు చెట్లు తగలబెట్టి ఫ్లోరిడా నుంచి దాన్ని తరిమేశారు. అది మళ్లీ వచ్చింది. 1995లో మయామీ దగ్గర కనిపించాక తెగులున్న చెట్టు చుట్టూ 1,900 అడుగుల దూరంలో ఉన్న నిమ్మజాతి చెట్లన్నీ, మచ్చ ఉన్నా లేకపోయినా, పెరట్లో ఉన్నా సరే నరికేయాలని రూలు తెచ్చారు. కోటి అరవై లక్షలకు పైగా చెట్లు పోయాయి. జనం కోర్టులకెక్కారు. 2004, 2005లో వరసగా తుపాన్లు వచ్చి బ్యాక్టీరియాను రాష్ట్రమంతా చల్లేశాయి. 2006లో ప్రభుత్వమే చేతులెత్తేసింది.

ఈ కథ మామయ్యకు చెప్పా. జేసీబీ మాటెత్తాడు కాబట్టి. "అంత డబ్బున్నోళ్లకే కుదరలేదా?" అన్నాడు. ఆ మాటతో కాస్త నెమ్మదించినట్టే కనిపించాడు. వెంటనే అసలు ప్రశ్న అడిగాడు. "అయితే అది ఆకును తింటదా? తింటే బొక్క పడాల గదా, ఇట్టా పైకి ఎందుకు లేస్తది?"

ఎమ్మెస్సీలో రెండేళ్లు కూర్చున్నా ఇంత మంచి ప్రశ్న నాకు తట్టలేదు.

మామయ్య మోటారు, బ్యాక్టీరియా ఫోన్

పొక్కు అంటే బ్యాక్టీరియా కొరికిన గాయం కాదు. అది చెట్టు కట్టిన గడ్డ. చెట్టు కణాలే ఉబ్బి, అడ్డదిడ్డంగా విడిపోయి, పైచర్మాన్ని చీల్చుకుని బయటికొస్తాయి. చెట్టు చేత ఆ పని చేయించేది బ్యాక్టీరియా. ఎలా?

మామయ్య బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ ఉంది. డబ్బాలో సిమ్ ఉంటుంది. ఇంట్లో మంచం మీద పడుకుని ఆ నంబర్‌కు రింగ్ ఇస్తే పొలంలో మోటారు ఆన్ అవుతుంది. ఆయనకు దాన్నే చూపించి చెప్పా. ఈ నంబర్ ఇంకెవడికో దొరికిందనుకో మామయ్యా. వాడు నీ పొలానికి పైపు తేలేదు, మోటారు తేలేదు, కరెంటు తేలేదు. ఒక్క ఫోన్ చేశాడు. మోటారు నీది, కరెంటు నీది, బోరు నీది. తెల్లారేసరికి పొలం మునిగింది. గజ్జి అంటే అదే.

ఇక కాస్త లోపలికెళ్దాం. చెట్టులో ప్రతి జన్యువుకూ ముందు ప్రమోటర్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క ఉంటుంది. ఆ జన్యువు ఎప్పుడు పనిచేయాలి, ఎప్పుడు ఊరుకోవాలి అనేది అక్కడే తేలుతుంది. ఏ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో రాసిన ఫోన్ నంబర్ లాంటిదనుకోండి. నిమ్మజాతి చెట్లలో లాబ్1 అనే జన్యువు ఉంది. ఎదిగిన ఆకులో దానికి పెద్దగా పని లేదు, మౌనంగా ఉంటుంది. అది మేలుకుంటే మాత్రం కణాల గోడల్ని వదులు చేసే, కణాల్ని ఉబ్బించే జన్యువులు బోలెడు వరసగా మేలుకుంటాయి. అంటే లాబ్1 మోటారు స్విచ్.

వాన చినుకుతో పాటు బ్యాక్టీరియా ఆకు మీద పడుతుంది. పత్రరంధ్రాల్లోంచో, ముల్లు గీరిన చోట నుంచో, పాముపొడ పురుగు ఆకులో తెల్లటి వంకర గీతలు గీసిన చోట నుంచో లోపలికి దూరుతుంది. ఆ పురుగు నేరుగా గజ్జి తేదు గానీ తలుపులన్నీ తెరిచి పెట్టి పోతుంది. లోపల చేరాక బ్యాక్టీరియా తన ఒంటి మీద సూదుల్లాంటి నిర్మాణాల్ని కట్టుకుంటుంది. వాటితో రకరకాల ప్రొటీన్లను చెట్టు కణాల్లోకి ఎక్కిస్తుంది. ఆ సూదులు కట్టే జన్యువుల్ని పాడుచేస్తే బ్యాక్టీరియా బతికే ఉంటుంది, రోగం మాత్రం రాదు.

ఎక్కించే ప్రొటీన్లలో అసలు విలన్ పేరు పీటీహెచ్‌ఏ4. అది తిన్నగా చెట్టు కణం కేంద్రకంలోకి పోయి, డీఎన్‌ఏ మీద పాకుతూ లాబ్1 ముందున్న నంబర్ వెతుక్కుని అక్కడ కూర్చుంటుంది. స్విచ్ ఆన్. పొక్కు లేస్తుంది, పగులుతుంది, దాంట్లోంచి లక్షల బ్యాక్టీరియాలు తర్వాతి వాన చినుకు కోసం ఎదురుచూస్తూ బయటికొస్తాయి. దానికి చెట్టును చంపే ఉద్దేశం లేదు. పొక్కు దానికి బస్టాండ్.

ఒక్క జన్యువేనా?

ఈ సంగతి ఒక్క రోజులో తేలింది కాదు. 1991లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో డీన్ గాబ్రియెల్ ల్యాబ్‌లో సంజయ్ స్వరూప్ బృందం ఒక తమాషా ప్రయోగం చేసింది. గజ్జి తెప్పించని వేరే జాంతోమోనాస్ రకాల్లోకి ఈ నిమ్మ బ్యాక్టీరియా డీఎన్‌ఏ ముక్క ఒకటి ఎక్కించారు. అవి కూడా నిమ్మాకు మీద గజ్జి లాంటి పొక్కులు లేపాయి. 1999లో అదే ల్యాబ్ ఇంకో అడుగు వేసింది. ఆ ముక్కలోని పీటీహెచ్‌ఏ జన్యువు ఒక్కదాన్ని నేరుగా ఆకు కణాల్లో పనిచేయించారు. కణాలు ఉబ్బాయి, విడిపోయాయి, చచ్చిపోయాయి. దొంగ రాలేదు, వాడి ఫోన్ ఒక్కటే వచ్చింది, అయినా మోటారు తిరిగింది.

2002లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు ఈ బ్యాక్టీరియా జీనోమ్ మొత్తం చదివి నేచర్ పత్రికలో అచ్చువేశారు. దాదాపు 52 లక్షల అక్షరాలు, నాలుగు వేలకు పైగా జన్యువులు. మనిషి డీఎన్‌ఏ 300 కోట్ల అక్షరాలు కాబట్టి ఇది చిన్న పుస్తకమే. మధ్యలో చెప్పాలి, ప్రపంచంలో మొట్టమొదట జీనోమ్ చదివిన మొక్కల రోగకారి కూడా నిమ్మజాతిదే. 2000లో, అదే బ్రెజిల్‌లో, నారింజ చెట్లను ఎండబెట్టే జైలెల్లా అనే బ్యాక్టీరియా. నారింజ రసం అమ్ముకుని బతికే దేశం కాబట్టి వాళ్లు ముందు ఆ పని పెట్టుకున్నారు.

ఆ పుస్తకంలో నన్ను ఆకట్టుకున్నవి రెండు పేజీలు. ఒకటి, పీటీహెచ్‌ఏ కుటుంబం జన్యువులు నాలుగూ అసలు క్రోమోజోమ్ మీద లేవు. రెండు ప్లాస్మిడ్‌ల మీద ఉన్నాయి. ప్లాస్మిడ్ అంటే పెన్‌డ్రైవ్ లాంటి చిన్న డీఎన్‌ఏ చుట్ట, ఒక బ్యాక్టీరియా ఇంకోదానికి ఇచ్చుకోవచ్చు. రెండోది, మొక్కల్లో ఉప్పు, నీళ్ల సంగతి చూసే ఒక ప్రొటీన్‌ను అచ్చుగుద్దినట్టు పోలిన జన్యువు ఈ బ్యాక్టీరియాలో ఉంది. ఏనాడో ఏదో మొక్క నుంచే కొట్టుకొచ్చిందని శాస్త్రవేత్తల అంచనా.

మరి పీటీహెచ్‌ఏ4కు నంబర్ ఎలా తెలుస్తుంది? ఇది 2009లో తేలింది. జర్మనీలో ఒక బృందం, అమెరికాలో ఇంకో బృందం, విడివిడిగా పనిచేసి ఒకే జవాబు పట్టుకున్నాయి. ఈ ప్రొటీన్ పూసల దండలా ఉంటుంది. ఒక్కో పూసలో 34 అమైనో ఆమ్లాలు. పూసలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి, 12, 13 స్థానాల్లో మాత్రం తేడా. ఆ రెండు స్థానాలను బట్టి ఒక్కో పూస ఒక్కో డీఎన్‌ఏ అక్షరాన్ని పట్టుకుంటుంది. పీటీహెచ్‌ఏ4లో పూసలు పదిహేడున్నర. ఆఖరుది నిజంగానే సగం పూస. లాబ్1 ముందున్న అక్షరాల వరసకు ఆ దండ సరిగ్గా అతుకుతుంది. ఆ లాబ్1 గుట్టు 2014లో బయటపడింది.

పూసలు పేర్చుకుంటే మనకు కావలసిన డీఎన్‌ఏ చోటుకే వెళ్లే ప్రొటీన్ తయారు చేసుకోవచ్చని అర్థమవగానే జీన్ ఎడిటింగ్‌కు ఒక కత్తెర దొరికింది. క్రిస్పర్ రాకముందు టేలెన్ అని వాడినవి అవే. మొక్కలకు రోగం తెప్పించే క్రిములు మనకు పనిముట్టు ఇచ్చి పోయాయి.

ఇదే కథ మన అన్నంలో

ఇక్కడిదాకా విని మామయ్య, "ఇదంతా అమెరికా, బ్రెజిల్ కథేగా" అన్నాడు. కాదు. మధ్యాహ్నం ఆయన పళ్లెంలో ఉన్న అన్నం కథ కూడా ఇదే.

సాంబమసూరి, అదే బీపీటీ 5204, మన పాత గుంటూరు జిల్లా బాపట్లలో పుట్టిన వరి. 1986లో విడుదలైంది. తినడానికి ఎంత బాగుంటుందో ఎండాకు తెగులుకు అంత లోకువ. ఆ తెగులు తెచ్చేది జాంతోమోనాస్ ఒరైజే, మన నిమ్మ బ్యాక్టీరియాకు దాయాది. అది కూడా ఇలాగే పూసల దండలు ఎక్కిస్తుంది. అందులో ఒకటి వరి మొక్కలో చక్కెరను కణం బయటికి పంపే స్వీట్11 అనే జన్యువు నంబర్‌కు ఫోన్ చేస్తుంది. చక్కెర బయటికొస్తుంది, బ్యాక్టీరియా భోంచేస్తుంది. నిమ్మలో బస్టాండ్ కట్టించుకుంటే వరిలో క్యాంటీన్ తెరిపించుకుందన్నమాట.

కానీ కొన్ని వరి రకాల్లో ప్రకృతే ఆ నంబర్ మార్చేసింది. స్వీట్11 ముందున్న అక్షరాలు తేడాగా ఉండటంతో దండ అతకదు, ఫోన్ కలవదు. దాని పేరు ఎక్స్‌ఏ13. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ ఎక్స్‌ఏ13నూ, ఇంకో రెండు నిరోధక జన్యువుల్నీ సాంబమసూరిలోకి తెచ్చారు. అందులో ఎక్స్‌ఏ21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. ఇదంతా మామూలు సంకరణంతోనే. ఏ పిల్ల మొక్కలో కావలసిన జన్యువు వచ్చిందో డీఎన్‌ఏ పరీక్షతో చూసుకుంటూ పోయారు. అలా 2008లో వచ్చింది ఇంప్రూవ్డ్ సాంబమసూరి. అన్నం రుచి అదే, తెగులుకు మాత్రం తట్టుకుంటుంది.

"మరి నిమ్మకెందుకు చేయలా?" అన్నాడు మామయ్య. న్యాయమైన ప్రశ్నే.

వరి నాలుగైదు నెలల పంట. ఏడాదికి రెండు తరాలు చూడొచ్చు. నిమ్మ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. పైగా నిమ్మ, బత్తాయి గింజల్లో ఒక చిత్రం ఉంది. గింజలోంచి వచ్చే మొలకల్లో ఎక్కువ భాగం తండ్రి చెట్టు వాటా లేకుండా తల్లి కణాల నుంచే పుడతాయి. అంటే తల్లికి జిరాక్సు కాపీలు. రైతుకు అది వరం, తోటంతా ఒకేలా ఉంటుంది. కొత్త రకం తయారు చేయాలనుకున్నవాళ్లకు అదే శాపం. అందుకే మన దగ్గర ఇన్నేళ్లూ ఉన్న చెట్లలోనే మంచివి చూసి ఎంచుకోవడం మీద ఆధారపడ్డారు. గజ్జిని కొంత తట్టుకుంటుందని పేరున్న బాలాజీ నిమ్మ అలా మన రాష్ట్రంలో ఎంచినదే. ఏడేళ్ల కిందట మేం బాలాజీ అడిగి ఉంటే ఏమయ్యేదో గానీ, ఆ పేరే నాకప్పుడు తెలియదు.

ఇక ఎడిటింగ్. ఫ్లోరిడాలో నియాన్ వాంగ్ ల్యాబ్ క్రిస్పర్‌తో గ్రేప్‌ఫ్రూట్ లాబ్1ను కత్తిరించింది. చైనాలో ఇంకో బృందం ఒక నారింజలో లాబ్1 ముందున్న నంబర్‌నే చెరిపేసింది. రెండూ 2017లో అచ్చయ్యాయి. చెట్టులో ఎంత ఎక్కువ భాగం మార్పు పడితే అంత తక్కువ గజ్జి. బాగా మారిన చెట్ల మీద బ్యాక్టీరియా చల్లినా మామూలు పొక్కులు రాలేదు. అయితే బ్యాక్టీరియా కూడా చేతులు ముడుచుకు కూర్చోదు. పూసల్ని అటూఇటూ మార్చుకుని కొత్త నంబర్ పట్టగలదు. నంబర్‌లో ఒకటి రెండు అక్షరాలే మారిస్తే అది త్వరగానే సర్దుకుంటుందనీ, ఎక్కువ మారిస్తే దానికి చాలా కష్టమనీ ల్యాబ్ ప్రయోగాల్లో తేలింది. పాస్‌వర్డ్‌లో చివరి అంకె ఒక్కటి మార్చి సరిపెట్టుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవచ్చు.

మన దేశంలో, బయటి జన్యువు చేర్చకుండా ఉన్న అక్షరాలే మార్చిన మొక్కలకు జీఎం పంటల కఠిన నిబంధనల నుంచి 2022 మార్చిలో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. 2025 మేలో ఎడిట్ చేసిన రెండు వరి రకాల్ని ప్రకటించారు. అందులో ఒకటి మన సాంబమసూరి నుంచే చేసిన కమల, రాజేంద్రనగర్‌లో తయారైంది. వరికి దారి పడింది. నిమ్మ వంతు ఎప్పుడో మరి.

సున్నపు నేల, పసుపు ఆకు

తోట పడమటి మూల నాలుగు చెట్ల ఆకులు పసుపెక్కి ఉన్నాయి. మామయ్య వాటినీ గజ్జి ఖాతాలోనే వేశాడు. నాకు వేరే భయం పట్టుకుంది. గ్రీనింగ్.

గజ్జి జేబుకు కన్నం వేస్తుంది, గ్రీనింగ్ చెట్టును చంపుతుంది. దాన్ని తెచ్చే లిబరిబ్యాక్టర్ జీనోమ్ 12 లక్షల అక్షరాలే. దానికి సూదులూ లేవు, పూసల దండలూ లేవు. సిల్లా అనే చిన్న పురుగు నోట్లోంచి నేరుగా ఆకులో చక్కెర పారే నాళాల్లోకి దిగుతుంది, ఇక సూదులెందుకు? అక్కడ చెట్టు దాని మీద యుద్ధం చేస్తూ చేస్తూ తన నాళాల్నే పాడుచేసుకుంటుందని 2022లో నియాన్ వాంగ్ బృందమే రాసింది. 2005లో ఈ రోగం కనిపించాక రెండు దశాబ్దాల్లో ఫ్లోరిడా నారింజ దిగుబడి పదోవంతుకూ కిందికి పడిపోయింది.

దీనికి ఒక తేలిక పరీక్ష ఉంది, పెన్ను చాలు. ఆకు నడిమి ఈనెకు ఒక పక్క పసుపు మచ్చ చుట్టూ గీత గీయండి. సరిగ్గా ఎదురుగా రెండో పక్క అలాగే సున్నా చుట్టండి. రెండు సున్నాల్లో రంగు ఒకేలా ఉంటే అది ఎక్కువగా జింకు, ఇనుము లాంటి పోషకాల లోపం. ఒకదానికొకటి పొంతన లేకపోతే గ్రీనింగ్ అని అనుమానించి ల్యాబ్ పరీక్షకు పంపాలి. మామయ్య జేబులో పెన్ను తీసుకుని ఎనిమిది ఆకుల మీద గీశా. అన్నీ ఒకేలా ఉన్నాయి, ఈనెలు మాత్రం పచ్చగా. మా ఊరి సున్నపు నేలల్లో ఇనుము భూమిలో ఉన్నా వేరుకు అందదు. అక్కడికి ఊపిరి పీల్చుకున్నా.

పిచికారీ ట్యాంకులో ఏముంది?

షెడ్‌లో చిన్న చిన్న పౌడర్ ప్యాకెట్ల ఖాళీ కవర్లు ఒక గోనెసంచి నిండా ఉన్నాయి. స్ట్రెప్టోసైక్లిన్. అందులో తొమ్మిది పాళ్లు స్ట్రెప్టోమైసిన్, ఒక పాలు టెట్రాసైక్లిన్. మొదటిది ఒకప్పుడు టీబీ రోగుల ప్రాణం నిలిపిన మందు. రెండోదాని కుటుంబంలో మొట్టమొదటి మందు అరియోమైసిన్, మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న లెడర్లీ కంపెనీలో బయటపడింది. మనుషుల కోసం పుట్టిన మందుల్ని మామయ్య నిమ్మచెట్ల మీద, పది లీటర్లకు గ్రాము అనే లెక్క కూడా దాటి, ప్యాకెట్ మీద ప్యాకెట్ కలిపి కొట్టాడు.

తప్పంతా ఆయనది కాదు. పనిచేయకపోతే ఎవరైనా డోసు పెంచుతారు. కానీ ఎందుకు పనిచేయలేదో చూడండి. పొక్కు లోపల, జిగురు దుప్పటి కింద ఉన్నదాన్ని పైన కొట్టిన మందు అందుకోలేదు. మందును తట్టుకునే జన్యువులు కూడా ఆ పెన్‌డ్రైవ్‌ల మీదే తిరుగుతుంటాయి. నిమ్మ గజ్జి బ్యాక్టీరియాలో కాపర్‌ను తట్టుకునే జన్యువులు అర్జెంటీనాలో, స్ట్రెప్టోమైసిన్‌ను తట్టుకునేవి కొరియాలో ఇప్పటికే దొరికాయి. ఈ యాంటీబయాటిక్‌లను సేద్యంలో ఆపాలంటూ కేంద్రం 2021 డిసెంబర్‌లో ముసాయిదా ఉత్తర్వు కూడా ఇచ్చింది.

ఇంకోటి అడిగా. "కొమ్మలు ఎప్పుడు కత్తిరిస్తున్నావు మామయ్యా?" "వాన తెరిపిచ్చినప్పుడల్లా. కూలోళ్లు అప్పుడే దొరుకుతారు." తడి ఆకుల్లో కత్తెర పెట్టి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్తే వాన చేయాల్సిన పని మనమే చేసినట్టు. ఆ మాట చెప్పగానే ఆయన కత్తెర వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఆ సాయంత్రం నర్సరీ సంగతి చెప్పేశా. మచ్చలు చూశాననీ, దుమ్మనుకున్నాననీ. మామయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనూ చూశాలే అమ్మాయ్. నువ్వు చదువుకున్నదానివి గదా, నీకు తెలియకుండా ఉంటదా అనుకున్నా" అన్నాడు.

ఆ రాత్రి అత్తయ్య కూడా కూర్చుంటే లెక్కలేసుకున్నాం. జేసీబీ రాలేదు. గజ్జి మరీ ముదిరిన పద్నాలుగు చెట్లు మాత్రం తీసేసి, అక్కడే తగలబెట్టాలి. మిగతావాటికి వానలు పూర్తిగా తగ్గి ఆకు ఆరాకే కత్తిరింపు. చెట్టుకూ చెట్టుకూ మధ్య కత్తెరను శుద్ధి చేయాలి, తీసిన రెమ్మల్ని కాల్చాలి. కొత్త చిగురు వచ్చినప్పుడు లీటరుకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, పాముపొడ మీద ఓ కన్ను. స్ట్రెప్టోసైక్లిన్ బంద్. ఖాళీ అయిన పద్నాలుగు గుంతల్లో మొక్కలు పెట్టేముందు ఒక్కో ఆకూ రెండు వైపులా చూసి తేవాలి. ఈసారి బాలాజీ అడుగుతాం. దీంతో గజ్జి పూర్తిగా పోదు, ఆ సంగతి ఆయనకూ చెప్పా. తోట మిగులుతుంది, మచ్చ కాయలు తగ్గుతాయి. అత్తయ్య మాత్రం, "ఈ ఏడు ఫీజు సంగతి?" అంది. దానికి నా దగ్గర జన్యుశాస్త్రం లేదు. సగం నేను కడతానన్నా.

నిన్న రాత్రి మామయ్య మళ్లీ ఫొటో పంపాడు. లేత చిగురు, ఆకు మీద రెండు చుక్కలు. "ఇది గజ్జా, దుమ్మా?" వేలు తడిచేసి తుడిచి చూడమని రాశా. నీలం టిక్కులు పడ్డాయి. ఈయన ఇంకా జవాబివ్వలేదు.